పూయని ముళ్ళమొక్కలు, రోజూ నీళ్ళు పోసే మామగారు

పేరు వద్దన్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. కుదించి చెబితే విషయం ఇది.

ఉద్యోగ విరమణ తర్వాత వాళ్ళ మామగారికి కాక్టస్‌ల మీద మనసు పడింది. మూడేళ్ళ కిందట హాల్లో, కిటికీకి నాలుగడుగుల దూరంలో గోడకు ఆనించిన బల్ల మీద ఏడు చిన్న కుండీలు పెట్టుకున్నారు. రెండు అడుగున మెత్తబడి కుళ్ళిపోయాయి. ఐదు మిగిలాయి. తెల్ల ముళ్ళతో గుండ్రంగా ఉండే మొక్క ఒకటి, ఈ మధ్య దాని తల సన్నబడి కోసుగా సాగుతోంది. పసుపు ముళ్ళతో పిడికిలంత బంతి ఇంకొకటి. ఆకుపచ్చ కాడ మీద ఎర్ర తల కూర్చోబెట్టినట్టుండేది మూడోది. చుట్టూ పదిహేను దాకా పిలకలు పెట్టిన పెద్ద బంతి నాలుగోది. ముళ్ళు లేకుండా, ఆకుల్లాంటి బిళ్ళలు గొలుసుగా వేలాడేది ఐదోది.

తెల్ల ముళ్ళదాన్ని కొన్నప్పుడు దాని నెత్తిన గులాబీ రంగు పువ్వు ఉంది. ఎనిమిది నెలలు వాడలేదు, ఒకరోజు ఊడిపడింది, మళ్ళీ పూయలేదు. వేలాడే మొక్కను కిందటి చలికాలం హాలుకు రంగులు వేస్తున్నప్పుడు వెనక గదిలో పెడితే మొగ్గలు తొడిగింది. సంబరపడి హాల్లోకి తెచ్చి పెట్టాక పది రోజుల్లో అన్నీ రాలిపోయాయి. మామగారు రోజూ పొద్దున్నే కుండీకి రెండు చెంచాల చొప్పున నీళ్ళు పోస్తారు. అది సరికాదని ఈవిడ చదివారు గానీ ఆయనకు చెప్పలేకపోయారు. ఆయన ఊరెళ్ళినప్పుడు పసుపు ముళ్ళదాన్ని మేడ మీద ఎండలో పెట్టారు. నాలుగో రోజుకే ఒక పక్క తెల్లగా పాలిపోయి, తర్వాత గోధుమరంగు మచ్చ కట్టింది. ఆయన తిరిగొచ్చి చూసి కోప్పడలేదు. "నా చేతికి పూలు రావమ్మా, ఎవరికైనా ఇచ్చేయ్" అన్నారట. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. హాలు కిటికీ తూర్పు ముఖం, బయట అడుగు వెడల్పు గట్టు, పైన సన్‌షేడ్ ఉన్నాయి. చలికాలం రాత్రులు 15 డిగ్రీల దాకా దిగుతాయి. ఇవి ఎప్పటికైనా పూస్తాయా, మొక్కల్ని తనే చూసుకోవడం మొదలుపెట్టాలా, ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి అన్నవి ఆవిడ ప్రశ్నలు.

మీ ఉత్తరంలో నా కన్ను ముందుగా పడింది ఎనిమిది నెలలు వాడని ఆ పువ్వు మీద. కాక్టస్ పువ్వు ఏదీ అన్నాళ్ళు ఉండదు. కొన్ని ఒక్క రాత్రి, ఎక్కువ భాగం రెండు మూడు రోజులు, ఓపికైనవి వారం పది రోజులు. మీరు చూసింది స్ట్రాఫ్లవర్ అనే వేరే మొక్క పువ్వు. ఎండినా రంగు పోదు. దాన్ని వేడి జిగురుతో కాక్టస్ నెత్తిన అంటించి అమ్ముతారు. గాలిలో తేమ పెరిగితే రేకులు ముడుచుకుంటాయి, ఆరితే విచ్చుకుంటాయి, అందుకే బతికున్నట్టే కనిపిస్తుంది. తెల్ల ముళ్ళది మీ వర్ణనను బట్టి మామిల్లేరియా. దాని అసలు పువ్వులు చిన్నవి, తల చుట్టూ కిరీటంలా వరసగా వస్తాయి, నడినెత్తిన ఒక్కటిగా రావు. అంటే ఆ మొక్క పూయడం మానేయలేదు, మీ ఇంట్లో అది ఇంకా మొదలే పెట్టలేదు. మామగారు "నా చేతిలో పడ్డాక ఆగిపోయింది" అని ఇన్నాళ్ళుగా మోస్తున్న బరువుకు ఆధారం లేదు. ఆయనతో మాట మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. నెత్తి మీద గట్టిగా, పారదర్శకంగా జిగురు బిళ్ళ మిగిలి ఉందేమో ఇద్దరూ కలిసి చూడండి. పట్టకారుతో తేలిగ్గా వస్తే తీయండి, రాకపోతే లాగొద్దు. పెరిగే మొన దాని కిందే ఉంటుంది.

ఇక ఐదింటిలో ఏది పూస్తుంది, ఏది పూయదు అన్నది విడదీసుకుంటే సగం చింత తీరుతుంది.

పసుపు ముళ్ళ బంతి గోల్డెన్ బ్యారెల్ అయితే దాన్ని పువ్వు అడగకండి. అడ్డంగా 35, 40 సెంటీమీటర్లకు పెరిగితేనే పూస్తుంది, దానికి పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది. మెక్సికోలో దాని సొంత గడ్డ మీద కూడా ఈ జాతి ప్రమాదంలో ఉంది, కాబట్టి పూయకపోయినా పెంచదగ్గ మొక్కే. ఎండకు కాలిన మచ్చ మానదు, పాకదు కూడా. మొక్క పైకి పెరిగేకొద్దీ మచ్చ కిందికి జారి కొన్నేళ్ళకు అడుగుకు చేరుతుంది.

ఎర్ర తలది రెండు మొక్కల అతుకు. పైన ఉన్నది పత్రహరితం లేని జిమ్నోకాలీషియం, సొంతంగా ఆహారం చేసుకోలేదు. కింద ఆకుపచ్చ కాడ డ్రాగన్ ఫ్రూట్ జాతిది, అదే పైదాన్ని పోషిస్తుంది. అప్పుడప్పుడు లేత గులాబీ పూలు పూస్తుంది గానీ ఈ జంట సాధారణంగా కొన్నేళ్ళకు మించి నిలవదు. మూడేళ్ళు బతికించారంటే మామగారి చెయ్యి మంచిదే. కాడ వెచ్చదనం కోరుకుంటుంది కాబట్టి, మామిల్లేరియాకు, పిలకలదానికి నేను చెప్పబోయే, చలికాలంలో నీళ్ళు ఆపి ఎండగట్టే పద్ధతి దీనికి వద్దు. ఆ కాలంలోనూ నెలకు రెండుసార్లు తేలిగ్గా నీళ్ళివ్వండి.

ఆశ పెట్టుకోదగ్గవి మూడు: మామిల్లేరియా, పిలకలది, వేలాడేది. వేలాడేది అన్నిటికన్నా ముందు పూస్తుంది, ఎలా పూయించాలో మీరు తెలియకుండానే ఒకసారి చేసి చూశారు కూడా.

అది ష్లుంబర్జెరా. ఎడారి మొక్క కాదు, బ్రెజిల్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద, రాళ్ళ సందుల్లో పెరుగుతుంది. దీనికి మొగ్గ తొడగమని చెప్పేది పొడుగాటి రాత్రి. వరసగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, రోజుకు 13, 14 గంటలు తెగని చీకటి, రాత్రి 15 డిగ్రీల చుట్టూ చల్లదనం ఉంటే మొగ్గలు కడుతుంది. మీ వెనక గదిలో రాత్రి ఎవరూ దీపం వేయరు. హాల్లో పది పదకొండు దాకా వెలుగుతుంది. తేడా అంతే. ఇక రాలిపోవడం సంగతి. మొగ్గలతో ఉన్న మొక్కను చల్లటి గది నుంచి వెచ్చటి గదికి మార్చడం, వెలుగు వచ్చే దిక్కు మారడం, కుండీ పూర్తిగా ఎండిపోవడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరిగినా మొగ్గలు వదిలేస్తుంది. ఈసారి చలికాలం మొదట్లోనే వెనక గది కిటికీ దగ్గర పెట్టండి. పగలు మంచి వెలుగు, సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు ఎనిమిది దాకా చీకటి. పైన అంగుళం మట్టి ఆరినప్పుడల్లా నీళ్ళు. మొగ్గ గుండుసూది తలంత ఉన్నప్పుడు కదపొద్దు. హాల్లో చూసుకోవాలన్న కోరిక బలంగా ఉంటే మొదటి పువ్వు విచ్చేదాకా ఆగి, కుండీకి సుద్దతో గుర్తు పెట్టి, అదే ముఖం వెలుగు వైపు ఉండేలా తెచ్చుకోండి. అప్పుడూ చిన్న మొగ్గలు కొన్ని రాలొచ్చు. కదపకుండా వెనక గదిలోనే చూస్తే ఆ నష్టం చాలా తక్కువ. ఏది కావాలన్నది మీ ఇంటివాళ్ళ ఇష్టం.

మామిల్లేరియా లెక్క వేరు. దాని పువ్వు కిందటి ఏడాది పెరిగిన భాగం మీద, బొడిపెల సందుల్లోంచి వస్తుంది. కిందటి ఏడాది వెలుగు చాలక బలహీనంగా పెరిగి ఉంటే ఈ ఏడు ఏం చేసినా పూలు అంతంత మాత్రమే. ఇప్పుడిచ్చే వెలుగుకు ఫలితం వచ్చే వసంతంలో కనబడుతుంది. తల కోసుగా సాగుతోందంటే వెలుగు కోసం వెతుక్కుంటోందన్నమాట. సన్నబడిన భాగం మళ్ళీ లావెక్కదు. అలాగే వదిలేస్తే పైన కొత్త భాగం లావుగా వచ్చి మధ్యలో నడుములా నొక్కు మిగులుతుంది, చూడ్డానికి బాగోకపోయినా పూలకు అడ్డం కాదు. లేదంటే వేసవికి ముందు, శుభ్రమైన కత్తితో సన్నబడిన చోటికి కింద అడ్డంగా కోసి తలను రెండు మూడు వారాలు నీడలో ఆరబెట్టి పొడి మిశ్రమం మీద కూర్చోబెట్టొచ్చు. వేళ్ళు పట్టడానికి నెల రెండు నెలలు. కింది మొద్దు పిలకలు పెడుతుంది. కోస్తే ఆకారం బాగుపడుతుంది, పువ్వు మాత్రం కనీసం ఒక ఏడాది వెనక్కి పోతుంది. కుళ్ళే ప్రమాదమూ ఉంది. పువ్వే ముఖ్యమైతే కోయొద్దంటాను.

పిలకల బంతి బహుశా ఎకినాప్సిస్. ఇది పిలకలు పెట్టే పనిలో మునిగి పువ్వు మరిచిపోయే రకం, వెలుగు తక్కువై నీళ్ళు తరచుగా అందితే మరీను. పిలకలన్నీ ఉంచేస్తే గుంపుగా పెరుగుతుంది. పెద్ద కుండీ, నిండు ఎండ దొరికితే ఆ గుంపే ఒకరోజు పది పూలు పూయొచ్చు, కానీ చిన్న కుండీలో అది చాలా దూరం. రెండు మూడు ఉంచి మిగతావి మెల్లగా తిప్పి తీసేస్తే తల్లి మొక్క బలం పువ్వు మీద పెడుతుంది. గాయాలు ఆరేదాకా వారం పాటు నీళ్ళు వద్దు. తీసిన పిలకల్ని నాలుగైదు రోజులు ఆరబెట్టి నాటితే నెలలో వేళ్ళు పడతాయి. తల్లి 8 సెంటీమీటర్ల లావు దాటి ఉంటే వయసు వచ్చినట్టే.

నీళ్ళ సంగతికి వద్దాం, మీరు చెప్పలేక సతమతమవుతున్నది ఇదే కదా. రోజూ రెండు చెంచాలు పోస్తే పై రెండు సెంటీమీటర్లు ఎప్పుడూ తడిగా ఉంటుంది, అడుగు ఎప్పుడూ ఎండి ఉంటుంది. కింది వేళ్ళు దాహంతో చస్తాయి, మొదలు తడిలో నానుతుంది. అడుగున మెత్తబడి పోయిన రెండూ ఇలాగే పోయి ఉంటాయి. వేలాడేదాన్ని పక్కన పెడితే, కాక్టస్‌కు కావలసింది అడుగు రంధ్రంలోంచి కారేదాకా ఒక్కసారి నిండుగా పోయడం, తర్వాత పూర్తిగా ఆరనివ్వడం. "వారానికోసారి" లాంటి లెక్క నమ్మొద్దు. కుండీ ఏ మట్టితో ఉంది, గాలి ఎలా ఉంది, ఏ కాలం అన్నదాన్ని బట్టి ఐదు రోజులూ కావచ్చు, ఇరవై రోజులూ కావచ్చు.

వంటింటి తూకం ఒకటి ఆయన చేతికివ్వండి. నీళ్ళు పోసి కారడం ఆగిన రెండు గంటలకు కుండీని తూచి రాయాలి. ఉదాహరణకు 420 గ్రాములు ఉందనుకోండి. తర్వాత రోజూ పొద్దున తూచాలి. 390, 365, 340 అని తగ్గుతూ వచ్చి 310 దగ్గర రెండు మూడు రోజులు కదలకుండా నిలబడిందంటే మట్టి ఆరిపోయినట్టు. అప్పటి నుంచి మరో మూడు నాలుగు రోజులు ఆగి మళ్ళీ నిండుగా పోయాలి. ఒక్కో కుండీకి ఒక్కో అంకె వస్తుంది, నోటుపుస్తకంలో ఒక్కోదానికి ఒక పేజీ. ఆయనకు రోజూ పొద్దున్నే మొక్కల దగ్గర చేసే పని ఉండాలి. మీరు నీళ్ళు ఆపమంటే ఆ పని పోతుంది, తూకం ఇస్తే పని మిగులుతుంది, నీళ్ళు వాటంతట అవే తగ్గుతాయి. ముళ్ళ సందుల్లో దూదిలా కనిపించే పిండినల్లి కోసం భూతద్దంతో చూడడం కూడా రోజువారీ పనిలో కలపండి. కనబడితే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్న కుంచెతో అద్దాలి, ఆ రోజు ఎండలో పెట్టకూడదు.

మట్టి మార్చకుండా ఈ నీళ్ళ పద్ధతి మొదలుపెట్టకండి. కొన్నప్పటి కొబ్బరి పొట్టు ముద్దలోనే ఉండి ఉంటే, నిండుగా పోసిన నీరు మధ్యలో వారాల తరబడి నిలుస్తుంది. మరీ ఎండితే అదే ముద్ద నీళ్ళను లోపలికి రానివ్వదు, అంచుల వెంట కారిపోతుంది. చలికాలం చివర మార్చడం మేలు. ఒక వంతు కొబ్బరి పొట్టు లేదా బాగా మాగిన ఆకు ఎరువు, ఒక వంతు గరుకు ఇసుక, ఒక వంతు 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు లేదా ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వతపు రాయి ముక్కలు. ఇసుకనూ ఇటుకనూ జల్లించి పొడి తీసేయాలి, ఆ పొడే సందులు పూడ్చి సిమెంటులా గట్టిపడుతుంది. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. కుండీ మొక్క లావు కన్నా చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు. అడుగున గులకరాళ్ళ పొర వేయడం చాలామందికి అలవాటు గానీ దానివల్ల నీరు త్వరగా దిగదు, మట్టికి దక్కాల్సిన లోతు పోతుంది. మార్చేటప్పుడు వేళ్ళకు తెల్లటి బూజులాంటి పొడి ఉంటే అది వేరు పిండినల్లి. వేళ్ళు కడిగి, నాలుగైదు రోజులు ఆరబెట్టి కొత్త మిశ్రమంలో పెట్టాలి. నాటాక వారం దాకా నీళ్ళు వద్దు. ష్లుంబర్జెరాకు ఇవేవీ వర్తించవు. దానికి రెండు వంతుల కొబ్బరి పొట్టు, ఒక వంతు పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు, ఒక వంతు చెట్టు బెరడు ముక్కలు, వేళ్ళు ఆరబెట్టకుండా నాటాలి.

ఎక్కడ పెట్టాలన్నదాంట్లో మీకు మూడు దారులున్నాయి. మేడ మీద వెలుగు అన్నిటికన్నా బాగుంటుంది, పువ్వుకు అదే దగ్గర దారి. కానీ మామగారు మెట్లెక్కలేరు. అక్కడికి చేరిన రోజు నుంచి అవి ఆయన మొక్కలు కావు, మీవి. పైగా వాన నేరుగా పడకుండా పారదర్శకమైన రేకు వేయాలి, మొదటి నాలుగు వారాలు 50 శాతం నీడ వల కింద ఉంచాలి. పసుపు ముళ్ళది కాలిపోవడానికి కారణం ఎండ కాదు, నీడలో మూడేళ్ళున్న చర్మానికి ఒక్కరోజులో పడిన ఎండ.

రెండోది ఉన్న చోటే ఉంచి గ్రో లైటు, అంటే మొక్కల పెరుగుదల కోసం చేసిన దీపం పెట్టడం. ఆయన కుర్చీ పక్కనే ఉంటాయి. మొక్క తలకు 20, 30 సెంటీమీటర్ల ఎత్తులో, రోజుకు 12 గంటలు. మామూలు హాలు దీపం దీనికి చాలదు. పెరుగుదల గట్టిపడుతుంది గానీ, పగలు రాత్రి మధ్య వేడిలో తేడా ఉండదు, చలికాలపు చల్లదనం దొరకదు. మామిల్లేరియా పూయొచ్చు, ఎకినాప్సిస్ సందేహమే.

మూడోది కిటికీ బయటి గట్టు. తూర్పు ఎండ మూడు నాలుగు గంటలు, పైన వాన నుంచి కాపు, రాత్రి చల్లగాలి, ఆయన నిలబడి అందుకోగల ఎత్తు. మేడంత వెలుగు రాదు కాబట్టి పూలు కొంచెం తక్కువ రావొచ్చు, ఎకినాప్సిస్‌కు ఒక ఏడాది ఎక్కువ పట్టొచ్చు. అయినా నేనైతే దీనివైపే మొగ్గుతాను. మొదటి పది రోజులు పల్చటి తెల్ల గుడ్డ అడ్డం కట్టి, తర్వాతి పది రోజులు పొద్దున గంటసేపు తీసి, ఆపైన పూర్తిగా తీసేయండి. కుండీలు జారిపడకుండా అంచుకు పట్టీ కట్టాలి. మామిల్లేరియా, ఎకినాప్సిస్, గోల్డెన్ బ్యారెల్ అక్కడికి, ఎర్ర తలది కిటికీ లోపలి అంచుకు.

ఇక చలికాలం. కాక్టస్ పువ్వును చాలామంది పోగొట్టుకునేది అప్పుడే. పది వారాల పాటు మామిల్లేరియాకు, ఎకినాప్సిస్‌కు నీళ్ళు దాదాపు ఆపేయాలి. దానికి ముందు నెలలో నీళ్ళ మధ్య ఎడం పెంచుతూ రండి. వెలుగు మాత్రం తగ్గకూడదు. 8, 10 డిగ్రీల చలి దొరికితే చాలా జాతులు విరగబూస్తాయి, మీ 15 డిగ్రీలు అంత కాకపోయినా ఎండగట్టడంతో కలిస్తే ఈ రెండింటికీ సరిపోతుంది. మొక్క కాస్త ముడుచుకుంటుంది, ఒంటి మీది గాడులు లోతుగా కనిపిస్తాయి. మామగారికి ప్రాణం ఉసూరుమనేది ఇక్కడే. అడుగు గట్టిగా ఉన్నంతవరకు భయం లేదని ముందే చెప్పి ఉంచండి. మరీ చిన్నదైన మొక్కకు నెలకోసారి, ఎండ ఉన్న రోజు పొద్దున, మట్టి పైపైన తడిసేంత ఇవ్వొచ్చు. రాత్రులు వెచ్చబడ్డాక మొదట సగం నీళ్ళు, పది రోజులకు నిండుగా. ఎకినాప్సిస్‌కు తొందరపడి నీళ్ళిస్తే మొగ్గ కావలసింది పిలకగా మారుతుందన్నది పెంచేవాళ్ళ అనుభవం. వేసవిలో పగలు 40 దాటి రాత్రులూ చల్లబడని రోజుల్లో కూడా ఇవి పెరగడం ఆపేస్తాయి, అప్పుడూ నీళ్ళు తగ్గించాలి. కాక్టస్ రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకునేది రాత్రిపూట కాబట్టి రాత్రి వేడి దానికి పగటి వేడి కన్నా ఎక్కువ కష్టం.

ఎరువు గురించి చాలా రాశారు గానీ అది చివరి సంగతి. పెరిగే కాలంలో నెలకోసారి, నత్రజని తక్కువగా పొటాష్ ఎక్కువగా ఉన్న నీటి ఎరువు, సీసా మీద రాసినదాంట్లో సగం మోతాదు. నత్రజని ఎక్కువైతే ఒళ్ళు ఉబ్బి పగులుతుంది, పిలకలు పెరుగుతాయి. వెలుగు లేని చోట ఏ ఎరువూ పువ్వు తేలేదు.

మొక్కల్ని మీరే తీసుకోవాలా అన్న ప్రశ్నకు, అవసరం లేదనే నా అభిప్రాయం. ఆయన చూడకుండా ఇంకేమీ చేయకండి. మేడ మీద పెట్టింది మీరేనని, దానికి ఎండ అలవాటు చేయకపోవడం వల్ల కాలిందని ఆయనతో చెప్పేయండి. అప్పుడు మచ్చకు కారణం ఆయనకు తెలుస్తుంది, తన చేతిని తిట్టుకోవడం ఆగుతుంది. జిగురు పువ్వు సంగతి అదే రోజు చెప్పండి. తర్వాత ఒక్క కుండీ, మామిల్లేరియాదే, ఇద్దరూ కలిసి కాగితం మీద బోర్లించండి. పైన తడి, కింద దుమ్ములా పొడి. అది చూశాక నీళ్ళ గురించి మీరు వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆయన ఇచ్చేయమంటే, ష్లుంబర్జెరాను ఒక్కదాన్ని ఈ చలికాలం దాకా ఉంచమని అడగండి.

ఎకినాప్సిస్ మీద పక్క నుంచి నల్లటి, బూడిదరంగు నూగుతో చిన్న ఉండ కనిపిస్తే వారం ఆగి చూడండి. ముళ్ళు వస్తే పిలక, నూగుతోనే పొడుగు సాగితే మొగ్గ. మొగ్గ అయితే కుండీ ఎండిపోనివ్వకండి, తిప్పకండి. గొట్టం 15 సెంటీమీటర్లు దాటి కొన ఉబ్బిందంటే ఆ రాత్రో మర్నాటి రాత్రో విచ్చుకుంటుంది. పొద్దుగూకాక మొదలై రాత్రికి పూర్తిగా విప్పారి, మర్నాడు ఎండ ముదిరేసరికి వాలిపోతుంది. ఆ సాయంత్రం మామగారి కుర్చీ కిటికీ దగ్గర వేయండి.